నెలవంక గోళ్ళు

ఉతో పెద్దమ్మ నలభై ఏళ్ళు జపాన్‌లోని ఒకినావా దీవి ఉత్తరాన అడవి రోడ్ల పక్క కాలువలు శుభ్రం చేసింది. కుళ్ళిన ఆకులు, చచ్చిన కప్పలు, కార్లలోంచి విసిరిన డైపర్లు అన్నీ ఎత్తింది. వానల్లో కాలువలో పడి పైకెక్కలేని ఆకు తాబేళ్ళను తీసి ఫెర్న్ పొదల్లో వదిలేది. ఎండుటాకులా రంపపు అంచున్న ఆ తాబేలు మా దీవుల్లో తప్ప ఎక్కడా లేదు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. మా ఊళ్ళోనే చాలామంది బొమ్మలో తప్ప చూడలేదు.

పని మానేశాక ఆమె మా హైకూ కూటంలో చేరింది. ప్రతినెలా అందరూ పేర్లు రాయకుండా పద్యాలిస్తారు. ఎవరూ చేతిరాత పోల్చుకోకుండా నేను వాటిని తిరగరాస్తాను. ఒక పద్యాన్ని ఎంచుకున్నవాళ్ళకే దాని గురించి మాట్లాడే హక్కు. అది అయ్యాకే రాసినవారు పేరు చెబుతారు.

జూన్‌లో విషయం ఆకు తాబేలు. రాసినవారు తప్ప అందరం ఒకే పద్యం ఎంచుకున్నాం.

వాన వెలిసింది
ఆకు తాబేలు గోళ్ళకు
నెలవంకల వంపు

"గోళ్ళదాకా చూశారండీ, ఏం కళ్ళో," అంది బేకరీ సచికో.

పెద్దమ్మ వంతు వచ్చింది.

"నాకు నచ్చలేదు. ఎంచుకోకపోతే నోరెత్తనివ్వరని ఎంచుకున్నా. అడవిలో తిరిగేదానికి రాళ్ళ మీద గోళ్ళు అరిగిపోతాయి. వంపు తిరిగాయంటే దాన్ని ఎక్కడో మూసిపెట్టారు. ఎవరిదో చెప్పండి."

కూటానికి పెద్ద అసాతో మాస్టారు గొంతు సవరించుకున్నారు. "నాదే. కాలువలో పడితే కాపాడానమ్మా. దగ్గర పెట్టుకుని చూడకపోతే రాసేదెలా?"

"ఎప్పుడు కాపాడారు?"

"కిందటి అక్టోబరులో."

"నేను రోజుకు నాలుగు కాపాడేదాన్ని. మీ లెక్కన నాకు మా ఇంట్లో పడుకునే చోటుండకూడదు. మీరే మోసుకొచ్చి వదులుతారా, అటవీ ఆఫీసుకు ఫోన్ చెయ్యనా?"

పెద్దమ్మ, సచికో, నేను ఆయన వెంటే ఇంటికి వెళ్ళాం. స్నానాల గదిలో బట్టలు నానబెట్టే టబ్బు ఉంది. అందులో పచ్చబడిన నీళ్ళు, నానిపోయిన లెట్యూస్ ఆకులు, పెంట. తాబేలు టబ్బు అంచు వెంట గుండ్రంగా నడుస్తోంది. పైన గోడకు ఆ పద్యాన్నే పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీశారు. ఆ కంపుకు నేను గుమ్మం దాటలేకపోయాను.

మాస్టారు రబ్బరు తొడుగుల కోసం వెతికారు. "చేతులున్నాయిగా," అంది పెద్దమ్మ. ఎత్తగానే తాబేలు ఆయన తెల్లచొక్కా నిండా ఉచ్చ పోసింది. సచికో తల పక్కకు తిప్పుకుంది.

వాగు ఒడ్డున దించాక చాలాసేపు అది కదలలేదు. మాస్టారి చెయ్యి జేబులోని నోటుపుస్తకం మీదికి పోయింది.

"వద్దు మాస్టారూ," అంది పెద్దమ్మ. "దాన్నుంచి ఇంకా పిండాల్సింది మిగిలిందా?"

ఆయన చెయ్యి దించుకున్నారు. తాబేలు నాచు రాయి ఎక్కబోయి, ఆ పొడుగు గోళ్ళతో రెండుసార్లు జారింది. చివరికి రాయిని చుట్టి ఎండుటాకుల్లోకి పోయింది.

"బతుకుతుందంటావా?" అన్నారు మాస్టారు.

"ఎనిమిది నెలలు వానపామన్నది ఎరగదు. వెతుక్కోవడం గుర్తుంటే బతుకుతుంది."