యాకోబు లెక్క తప్పలేదు

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, మామిడి కోతలు ముమ్మరంగా సాగే మే నెలలో, నన్ను పోస్టుమార్టం గది నుంచి క్యాజువాలిటీకి మార్చారు. నూజివీడు చుట్టుపక్కల ఉన్న ఒక సర్కారు ఆసుపత్రి అది. పేరు చెప్పను. నా పేరు దానియేలు, హోదా ఎమ్మెన్వో. మేల్ నర్సింగ్ ఆర్డర్లీ అని ఇంగ్లిషులో అంటే గంభీరంగానే ఉంటుంది. తెలుగులోకి దించితే స్ట్రెచరు తోసేవాడు, కట్టు కట్టేటప్పుడు కాలు పట్టుకునేవాడు, రిజిస్టరు మోసేవాడు, పైవాళ్లకు కోపం వస్తే దగ్గరలో దొరికేవాడు. ఎనిమిదో తరగతి తప్పి బడి మానేసినవాడికి అంతకంటే పెద్ద హోదా ఇస్తే సర్కారునే అనుమానించాలి.

అంతకుముందు ఇరవై రెండేళ్లు శవపరీక్షల దగ్గర పనిచేశాను. కాగితం మీద ఆ పరీక్ష చేసేది డాక్టరు. సుత్తి, ఉలి, రంపం పట్టేది మేము. ఒక చెవి వెనక నుంచి నెత్తి మీదుగా రెండో చెవి వెనకదాకా చర్మం కోసి, ముందుకీ వెనక్కీ మడిచి, పుర్రె చుట్టూ రంపంతో గీసి, ఉలి పెట్టి ఒక్క మెలిక తిప్పితే పైభాగం గిన్నె మూతలా ఊడి వస్తుంది. కింద తోలులాంటి గట్టి పొర. దాని కింద సాలెగూడంత పల్చటిది ఒకటి, మెదడునే అంటిపెట్టుకుని ఇంకొకటి. ఆ మూడింటి లోపల కిలోన్నరకు కాస్త తక్కువ తూగే ముద్ద. దాని మెత్తదనం ఎలా ఉంటుందంటే, జున్నులా ఉంటుంది. ఈ మాట చెప్పి మా ఇంట్లో చాలామంది చేత జున్ను మానిపించాను.

శవపరీక్షలు చేసే పెద్ద డాక్టరమ్మగారు, శిక్షణకు వచ్చిన కుర్ర డాక్టర్లకు ఆ ముద్దను నా అరచేతుల్లోనే ఉంచి పాఠం చెప్పేవారు. బల్ల కదలదు కానీ దానియేలు తిప్పమన్నవైపు తిప్పుతాడు అనేవారు. అలా నాకు ఫీజు కట్టని చదువు అబ్బింది. ముందు భాగం ఆలోచనకు, వెనక భాగం చూపుకు. వెనకవైపు అడుగున పిడికిలంత ఉండే చిన్న మెదడు తూలకుండా నడవడానికి. కిందికి దిగే బొటనవేలంత కాండం ఊపిరికి. ఎడమ సగం కుడి కాలూ చేతులను నడుపుతుంది, కుడి సగం ఎడమవాటిని. ఎడమ కణతకు కాస్త పైన, రెండు వేళ్లు ఆనేంత చోటు ఉంది. మాట కూర్చుకునేది అక్కడ.

క్యాజువాలిటీకి మారిన రెండో వారంలో ఒక మధ్యాహ్నం, ఆగిరిపల్లి వైపు తోట కౌలుకు తీసుకున్న శేషగిరి అనే ఆయన, ఒక మనిషిని మోటారు సైకిలు మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆ మనిషి పేరు యాకోబు. ముసునూరు దగ్గరివాడు, నలభై దాటినవాడు, వాళ్ల ముఠాలో చిటారు కొమ్మలకు ఎక్కే కోతగాడు. అతని భార్య మరియమ్మ వెనకాల ఆటోలో వచ్చింది.

శేషగిరి అతన్ని వైద్యానికి తీసుకురాలేదు. చీటీ కోసం తెచ్చాడు. పద్దెనిమిది రోజుల కింద యాకోబు బంగినపల్లి చెట్టు మీంచి జారి, తల కొమ్మకు తగిలి కిందపడ్డాడు. తర్వాత తలనొప్పి అంటూనే పనికి వచ్చాడు. నాలుగు రోజుల కింద మాట పోయింది. అతని సంగతి తేలేదాకా చెట్టెక్కేది లేదని ముఠా మొత్తం కూర్చుంది. ఇటు చెట్టు మీద కాయ పండుబారుతోంది, అటు హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆగి ఉంది.

"ఈయనకేం లేదని ఒక్క ముక్క రాసివ్వండి సార్. వాళ్లకి చూపించుకుంటాను" అన్నాడు డ్యూటీ డాక్టరుతో.

డ్యూటీ డాక్టరు ఉద్యోగంలో చేరి రెండేళ్లయినవాడు. రాత్రి డ్యూటీ మీద పగలు డ్యూటీ కూడా పడి, కుర్చీలో సగం జారి ఉన్నాడు. పడ్డ రోజు ఏం చేశారని అడిగాడు.

"లెక్క పెట్టించామండీ" అన్నాడు శేషగిరి.

ఆ తోటల్లో పద్ధతి అది. చెట్టు మీంచి పడ్డవాణ్ణి లేపి, మొహాన నీళ్లు కొట్టి, కాయల కుప్ప ముందు కూర్చోబెడతారు. కుప్ప తప్పులేకుండా లెక్కపెడితే బుర్ర బాగున్నట్టు. యాకోబు ఆ రోజు రెండు వందల కాయలు లెక్కపెట్టాడు, మధ్యాహ్నం మళ్లీ చెట్టెక్కించారు. తోటలో వైద్యం పూర్తయింది.

డాక్టరు యాకోబును పేరు అడిగాడు. యాకోబు నోరు తెరిచాడు, పెదాలు కదిపాడు, మెడ నరాలు పొంగాయి. "అది... అది... కాయ" అన్నాడు.

నా నోరు ఊరుకోదు. ఆ రోజు ఊరుకుని ఉంటే ఈ నాలుగు పేజీలు రాసే పని ఉండేది కాదు. "పేరు కాయా? మరి ఇంటిపేరేంటయ్యా, పచ్చడా?" అన్నాను. నర్సు నవ్వింది, శేషగిరి నవ్వాడు, డాక్టరుగారు కూడా కళ్లు నులుముకుంటూ నవ్వారు. యాకోబు నవ్వలేదు. నా వైపు తిరిగి బూతు మాట ఒకటి తిట్టాడు. ముక్క తడబడకుండా, నత్తి లేకుండా, నిండుగా తిట్టాడు.

"చూశారా సార్" అన్నాడు శేషగిరి. బయటికి వెళ్లి బండికి తగిలించిన సంచి తెచ్చి, కలెక్టరు రకం మామిడికాయలు స్ట్రెచరు మీద కుమ్మరించాడు. "పెట్టు బావా లెక్క."

యాకోబు ఎడమ చేత్తో ఒక్కొక్కటీ పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. మా వైపు కాయలు లెక్కపెట్టేవాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు, నాలుగు. ముప్పై ఎనిమిది దాకా ఎక్కడా ఆగలేదు.

"నోరు రాకపోతే ఈ లెక్క ఎవడి నోటితో పెట్టాడండీ?" అన్నాడు శేషగిరి.

అప్పుడు మరియమ్మ, ఎవరూ అడక్కుండానే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "నన్ను మంచినీళ్లడగడానికి మాట రాదండీ బాబూ. నిన్న సాయంత్రం ప్రార్థనలో మాత్రం పాటంతా పాడాడండి, చివరి చరణం దాకా. దేవుడి దగ్గర వచ్చే నోరు నా దగ్గర ఎందుకు రాదండీ?" ఆవిడ కూడా నమ్మేసింది, మొగుడు నటిస్తున్నాడని. ఆ సిగ్గుతో తల దించుకుని నిలబడింది.

డాక్టరు ఇక ఆలోచించలేదు. 'మాట రావడం లేదని చెబుతున్నాడు. లోపం కనబడలేదు. నటన కావచ్చు' అని చీటీ మీద రాసి నా చేతికిచ్చి లోపలి గదిలోకి వెళ్లాడు. మా దగ్గర చీటీ బయటికి వెళ్లాలంటే ముందు రిజిస్టరులో రోగి సంతకం తీసుకోవాలి, తర్వాత ఆసుపత్రి ముద్ర వేయాలి. రెండూ నా పనులే. ముద్ర నా దగ్గరే ఉండేది.

రిజిస్టరు తెరిచి కలం ఇచ్చాను. యాకోబు కుడి చేత్తో అందుకున్నాడు. కలం వేళ్ల మధ్య నుంచి జారి బల్ల కింద పడింది. పడిన సంగతి అతనికి తెలియలేదు. ఉత్త వేళ్లను కాగితం మీదికి తెచ్చి సంతకం పెట్టబోయాడు.

కలం తీసి బల్ల మీద పెట్టాను. అంతకు రెండేళ్ల ముందు ఇలాంటివాడే ఒకడు నా బల్ల మీదికి వచ్చాడు. అతనూ కోతగాడే. చెట్టు మీంచి పడ్డ ఇరవై రోజులకు నిద్రలో పోయాడు, తాగి పోయాడని పోలీసు కాగితాల్లో రాశారు. పుర్రె తెరిస్తే, ఎడమవైపు తోలు పొర కింద, ఇంజనాయిలు రంగులో పాత రక్తం గిన్నెడు ఉంది. మెదడు ఆ వైపు అరచేత్తో అదిమినట్టు పల్లంగా ఉంది. డాక్టరమ్మగారు ఆ రోజు చెప్పింది ఇది. చిన్న నరం తెగి రక్తం రోజుల తరబడి చెమ్మలా ఊరుతుంది. పుర్రె ఎముక కాబట్టి సాగదు, లోపల మెదడే జరగాలి. జరగడానికి చోటు లేనప్పుడు కాండం నొక్కుకుపోయి ఊపిరి ఆగుతుంది. అతను చివరి రోజు దాకా లెక్కపెట్టాడట కదా అని ఒక కుర్ర డాక్టరు అడిగితే, లెక్క, పాట, ప్రార్థన, తిట్టు ఇవి నోటికి అరిగిన దారులు, కొత్తగా కూర్చుకోవాల్సిన పనిలేదు, మాట పోయినవాడికీ అవి మిగులుతాయి అన్నారు. అప్పుడు ఆ మెదడు ఉన్నది నా చేతుల్లోనే.

అంటే శేషగిరి చూపించిన ప్రతి సాక్ష్యమూ తిరగబడింది. లెక్క వచ్చి పేరు రాకపోవడం నటన కాదు. అదే జబ్బు. పైగా అతనికి మేము అన్నవన్నీ అర్థమవుతున్నాయి. అర్థం కాకపోతే నన్ను తిట్టేవాడే కాదు.

యాకోబు చేత కళ్లు మూయించి, రెండు చేతులూ అరచేతులు పైకి పెట్టి ముందుకు చాపించాను. ఎడమ చెయ్యి నిలబడింది. కుడి చెయ్యి లోపలికి తిరుగుతూ మెల్లగా కిందికి దిగిపోయింది. పొద్దున ఏం తిన్నావని అడిగాను. "అది... అది..." అని ఏడ్చాడు.

లోపలికి వెళ్లి డాక్టరుతో చెప్పాను. ఆయన తల ఎత్తలేదు. "దానియేలూ, నువ్వేం చదివావు?"

"ఎనిమిది తప్పానండి."

"మరి?"

"మెదళ్లు మాత్రం తమరికంటే ఎక్కువ పట్టుకున్నానండి."

"ముద్ర వేసి పంపు."

"వెయ్యనండి."

ముద్ర జేబులో వేసుకుని స్ట్రెచరు పక్కన నిలబడ్డాను. ఇరవై ఆరేళ్ల సర్వీసులో పై అధికారి మాట కాదన్నది అదొక్కసారే. ధైర్యం కాదు, ఒళ్లు మండి. శేషగిరి మీద మండింది, డాక్టరు మీద మండింది, అన్నిటికంటే ఎక్కువ నా నోటి మీద మండింది. శేషగిరి దగ్గరికొచ్చి, "ఏంటండీ దానియేలుగారూ, మీకేం కావాలో చెప్పండి, బయట మాట్లాడుకుందాం" అన్నాడు. కాయలు సంచిలో వేసుకుని పక్కకు జరగమన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి ఇక్కడ రాయడం కుదరదు.

గొడవకు డాక్టరు బయటికొచ్చి ముద్ర ఇమ్మని చెయ్యి చాపాడు. "ఇస్తానండి. ముందు ఒక్కసారి ఈయన చేతులు చూడండి" అన్నాను. యాకోబు మళ్లీ కళ్లు మూసుకుని చేతులు చాపాడు. కుడి చెయ్యి దిగింది. డాక్టరు మొహంలో నిద్ర ఎగిరిపోయింది. టార్చి తెచ్చి కళ్లలో వేసి చూశాడు, కాళ్లు ఎత్తించి చూశాడు, చీటీ నా చేతిలోంచి తీసుకుని అడ్డంగా కొట్టేశాడు. తలకు దెబ్బ, లోపల రక్తస్రావం అనుమానం, వెంటనే స్కాను అని కొత్త కాగితం రాసి, విజయవాడకు అంబులెన్సు పిలవమన్నాడు.

"మరి నా చీటీ సంగతేంటండీ?" అన్నాడు శేషగిరి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ ప్రశ్న తలుచుకుంటే నాకు పళ్లు కొరుక్కోవాలనిపిస్తుంది.

అంబులెన్సు ఎక్కేటప్పుడు మరియమ్మ నన్నడిగింది, తను నమ్మకపోవడం వల్ల ఆయనకి ఎక్కువైందా అని. కాదమ్మా అన్నాను. మాట ఎక్కడ ఉంటుందో, పాట ఎలా మిగులుతుందో చెప్పే తీరిక లేదు. ఆవిడ మొగుడి కుడి చెయ్యి పట్టుకుని ఎక్కింది.

ఆ రాత్రే పుర్రెకు రెండు రంధ్రాలు చేసి పాత రక్తం తీశారు. స్కానులో మెదడు ఎడమ నుంచి కుడికి జరిగిపోయి ఉందని, ఇంకో రోజు ఆగితే మనిషి దక్కేవాడు కాదని అక్కడివాళ్లు రాసి పంపారు. మాట నెలల మీద తిరిగొచ్చింది, నెమ్మదిగా, మధ్యమధ్య వెతుక్కుంటూ. కుడి చేతికి పూర్తి పట్టు రాలేదు. మళ్లీ చెట్టెక్కలేదు. శేషగిరి మర్నాడే వేరే ముఠాను దింపి కోత ముగించాడు. నాకు క్రమశిక్షణ ఉల్లంఘన కింద మెమో వచ్చింది, ఇచ్చింది ఆ డాక్టరుగారే. సంజాయిషీలో, ముద్ర వేయకపోవడం నా తప్పేనని రాసి సంతకం పెట్టాను. నవ్వడం తప్పని ఎవరూ మెమో ఇవ్వలేదు.

నాలుగు నెలల తర్వాత యాకోబు వికలాంగుల సర్టిఫికెట్ కోసం వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు. మాట వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. నేను ఆగాను. "అప్పుడు... నాకన్నీ... అర్థమయ్యాయి" అన్నాడు. క్షమించమన్నాను. అతను ఎడమ చేత్తో సర్టిఫికెట్ కాగితాలు నా ముందు పెట్టాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా తలకు దెబ్బతో వచ్చిన ఎవరి చేతా నేను లెక్క పెట్టించలేదు, తీసుకొచ్చినవాళ్లు పెట్టించబోతే ఆపాను. వచ్చినవాణ్ణి సొంత మాటల్లో ఆ పొద్దున జరిగింది చెప్పమనేవాణ్ణి, చెప్పేదాకా ఆగేవాణ్ణి, రెండు చేతులూ చాపించి చూసేవాణ్ణి. చెప్పలేకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఇతను చెప్పలేకపోతున్నాడండి అనేవాణ్ణి. చెప్పనంటున్నాడని ఎన్నడూ అనలేదు.