తెల్లగడి మీద ఆగిన వేలు

2023 వానాకాలం. నాగిరెడ్డిపేట వైపు నాట్లు జోరు మీదున్నాయి. నేను నర్సుగా పనిచేసే ఎల్లారెడ్డిలోని చిన్న ఆసుపత్రికి పొద్దున్నే జనం వరుస కట్టేవారు. అంతకు నెల ముందు కామారెడ్డిలో మాకు మూడు రోజుల ట్రైనింగ్ ఇచ్చి, ఒక అట్టముక్క చేతిలో పెట్టారు. దాని పేరు పెయిన్ స్కేల్, అంటే నొప్పిని కొలిచే పట్టీ. మొదటి గడి తెలుపు, నొప్పి లేదని. తర్వాత ఆకుపచ్చ, పసుపు, నారింజ. చివరిది ఎరుపు, భరించలేని నొప్పి. "చదువు రానివాళ్లకైనా రంగు అర్థమవుతుంది" అన్నారు. అందరితో పాటు నేనూ తలూపాను. తలూపడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ మంగళవారం పొరుగామెను తోడు తెచ్చుకుని రాజవ్వ వచ్చింది. యాభై దాటిన మనిషి. నుదుట బొట్టు లేదు, చేతులు బోసిగా ఉన్నాయి. భర్త పోయి రెండు నెలలని పొరుగామె చెప్పింది. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని, ఒంగిపోయి నిలబడింది.

"ఏమైందవ్వా?"

"కడుపుల, బిడ్డా... నిన్నటిసంది..."

వెనక ముప్పై మంది ఉన్నారు. "మాటలు తర్వాత. నీ నొప్పి ఏ రంగో దీంట్ల చూపియ్యి" అని అట్ట ముందు పెట్టాను. ఆమె వేలు ఎరుపు దాకా పోయింది. ముట్టకుండానే వెనక్కి వచ్చి తెల్లగడి మీద ఆగింది.

"తెల్లదేనా? మంచిగ చూడు."

"గదే బిడ్డా. ఇగ నాకు గదే."

కేస్ షీట్‌లో, అంటే రోగి వివరాలు రాసే కాగితంలో, సున్నా వేశాను. సున్నా వచ్చినవాళ్లను డాక్టరు చివర్లో చూస్తారు. కళ్లెదుట మనిషి మెలికలు తిరుగుతుంటే అట్టను నమ్మిన బుద్ధి నాది.

రెండు గంటల తర్వాత రాజవ్వ బెంచీ మీంచి పడిపోయింది. కడుపు చెక్కలా బిగుసుకుంది. డాక్టరు తాకి చూసి "పర్ఫొరేషన్" అన్నారు. పేగుకు చిల్లుపడి లోపలిదంతా కడుపులోకి కారడం అది. ఒక్కో గంట ఆలస్యమైనకొద్దీ ప్రాణం మీదికి వస్తుంది. ఆపరేషన్‌కు కామారెడ్డి పంపారు. అంబులెన్స్‌లో నేనూ వెళ్లాను.

"గంత నొప్పి పెట్టుకొని తెల్లది ఎందుకు చూపిచ్చినవ్ అవ్వా?" అని ఆమె మీదే కోప్పడ్డాను.

ఆమె ఆగి ఆగి చెప్పింది. "దినాలనాడు ఎర్రబొట్టు తుడిచిండ్రు. పచ్చగాజులు పలగ్గొట్టిండ్రు. పసుపు ముట్టొద్దన్నరు. గవన్నీ సంబురమున్నోళ్లయి గద బిడ్డా. నా బాధకు గా రంగులెట్ల ముడుత?"

నేనూ ఈ మట్టిలో పుట్టినదాన్నే. మా అమ్మ బొట్టు తుడిచినప్పుడు పక్కనే ఉన్నాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలిసిన సంగతి మూడు రోజుల ట్రైనింగ్‌లో మరిచిపోయానంటే, నాకు నా మీద అసహ్యం వేసింది.

మూడో రోజు రాజవ్వ పోయింది. పెద్ద డాక్టరు కేస్ షీట్ తిరగేసి, "పేషెంటే నొప్పి లేదని చూపించింది. నీ తప్పేం లేదు సిస్టర్" అన్నారు. తప్పు చచ్చినామె మీదికి పోయింది. నేను మళ్లీ తలూపాను.

ఆ పట్టీ ఇప్పటికీ వాడుతున్నాం. కాకపోతే ముందు మనిషిని ముట్టి చూస్తాను, చెప్పేది చివరిదాకా వింటాను. ఇంత చిన్న పాఠం నేర్చుకోవడానికి నాకొక నిండు ప్రాణం కావలసి వచ్చింది.

నెల తర్వాత ఆమె కూతురు లక్ష్మి బీర్కూర్ నుంచి కేసు కాగితాల కోసం మా ఆసుపత్రికి వచ్చింది. తల్లిని ఆఖరికి స్పృహలో చూడలేకపోయిన పిల్ల.

"అక్కా, నొప్పి లేదని మా అవ్వనే చెప్పిందట గదా. ఏం తిప్పల పడలే గదా?"

ఆ ముఖంలోకి చూసి నిజం చెప్పలేకపోయాను. "ఔ చెల్లె, పడలే" అన్నాను. ఆమె ఏడుస్తూ నా రెండు చేతులూ కళ్లకు అద్దుకుంది. నేను వెనక్కి లాక్కోలేదు.