ఒకవైపు పట్టీ

వడ్రంగంలో అతనిది అందెవేసిన చెయ్యి. అలాంటివాడు ఓ మేడ మీద కిటికీ చట్రం ఎక్కిస్తూ నిచ్చెన జారి పడ్డాడు. మోకాలికి నాలుగు వేళ్ల పైన ఎడమ తొడ ఎముక నుగ్గునుగ్గయింది.

డాక్టరు ఎక్స్‌రే చూపించి చెప్పాడు: "బయటివైపు ఒక్క ప్లేటు వేస్తే కోత చిన్నది, తొందరగా అయిపోతుంది. కానీ లోపలివైపు ఎముక పొడైపోయింది. రెండువైపులా వేస్తే గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే కోతలు పెద్దవి, రక్తం ఎక్కువ పోతుంది."

"రెండూ వెయ్యండి సార్," అన్నాడు వడ్రంగి. "విరిగిన కుర్చీ కాలికి ఒక్క పక్కే పట్టీ కొడితే, రెండో పక్క నోరు తెరుస్తుంది."

పక్కనే ఉన్న భార్య ముఖం పాలిపోయింది. "ఈయన మాట వినకండి డాక్టరుగారూ. షుగరున్న ఒళ్లు. మా నాన్న కాలి పుండు మానకే పోయాడు. చిన్నదే చెయ్యండి," అని చేతులు జోడించింది.

"ఒక్కదానితో మానినవాళ్లూ చాలామందే ఉన్నారు," అన్నాడు డాక్టరు.

జోడించిన ఆ చేతులు చూసి వడ్రంగి మెత్తబడ్డాడు. "సరే, నీ ఇష్టం."

గాయం పదిహేను రోజుల్లో మానింది. ఎముకే మొండికేసింది. ఏడో నెలలో, స్నానాల గదిలోంచి వస్తుంటే తొడలో టప్పుమంది. ప్లేటు రెండు ముక్కలైంది.

ఈసారి రెండు ప్లేట్లు వేశారు. తుంటి ఎముక కాస్త తీసి సందు పూడ్చారు. ఏడాదికి అతుక్కుంది గానీ, మోకాలు సగానికి మించి వంగడం మానేసింది. కింద కూర్చుని, కాలితో చెక్క తొక్కిపట్టి చిత్రిక పట్టేవాడికి అది పని పోయినట్టే.

ఆనాటి సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆమె మాత్రం కుమిలి కుమిలి పుల్లలా అయిపోయింది. ఓ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ బావురుమంది.

"నన్నొక్క మాటైనా అనవేం బావా? వద్దన్నది నేనేగా!"

"ఏమనను? అప్పుడే రెండేసుంటే పుండై కూర్చునేదేమో. ఎవరు చూడొచ్చారు?"

ఆమె నమ్మలేదు. నిజానికి అతనూ నమ్మలేదు. కడుపులో కోపం ఉంది. కక్కడానికి మనసొప్పదు, మింగుదామంటే గొంతు దిగదు.

ఇప్పుడతను నిలబడి చేయగలిగినవే చేస్తున్నాడు, ఫొటో చట్రాలూ చిన్న చిన్న పెట్టెలూ. సాయంత్రాలు ఆమె అతని కాలు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు చెప్పినట్టు మోకాలు వంచుతుంది. ఎంత వంచినా అక్కడికొచ్చి ఆగిపోతుంది. అతను పళ్లు బిగబడతాడు. ఆమె వదలదు, అతను చాలనడు.