పీరయ్య రెండుసార్లు తప్పిన పరీక్ష

పీరయ్య నా క్లాసులో మొదటిసారి కూర్చున్న రోజు నా ప్యాంటు జిప్పు ఊడి ఉంది. నలభై మంది పనివాళ్లు రెండు గంటలసేపు ఆ సంగతి చూస్తూనే ఉన్నారు. సేఫ్టీ సారు కదా, ఇదీ ఏదో సేఫ్టీ పద్ధతే అయ్యుంటుందనుకున్నారో ఏమో, ఒక్కరూ నోరు విప్పలేదు. క్లాసు అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి, చివరి బల్ల దగ్గర నుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. గోడ మీది బొమ్మలు చూస్తున్నట్టు మొహం అటు తిప్పుకుని, "సారూ, జర కిందికి సూస్కోండ్రి" అన్నాడు.

చూసుకున్నాను. సర్దుకున్నాను. సిగ్గుపడాల్సిన సమయమే గానీ సిగ్గు రాలేదు. ఫోన్లో తప్ప, ఎదురుగా ఉన్న మనిషి నోటి నుంచి తెలుగు విని అప్పటికి ఏడు నెలలైంది.

"నేను తెలుగువాణ్ణని నీకెలా తెలిసిందయ్యా?"

"ఇందాక హెల్మెట్ కాలు మీద పడ్డప్పుడు తిట్టుకున్నరు గద సారూ. గది మా దిక్కు తిట్టు గాదు గని, తెలుగుదే."

అది 2007 వేసవి. సౌదీలో, ఎర్రసముద్రం ఒడ్డున రాబిగ్‌లో రిఫైనరీ పక్కన కొత్త ప్లాంట్లు కడుతున్నారు. నా పని పరంజా కట్టేవాళ్లకు పాఠం చెప్పడం: ఎత్తు మీద ఎలా నిలబడాలి, బెల్టు ఎలా కట్టుకోవాలి, పడకుండా ఎలా దిగాలి. మాది తుని. పీరయ్యది జగిత్యాల పక్కన పల్లె. అతనితో పాటు వీసా వచ్చిన ఇరవై మంది తెలుగువాళ్లు ముందే విమానమెక్కి సౌదీ అవతలి కొసనున్న జుబైల్ వెళ్లిపోయారు. మెడికల్ ఎక్స్‌రేలో ఏదో మరక కనబడిందని ఇతన్ని నెల ఆపి, తీరా అది మరక కాదని తేలాక, ఒంటరిగా ఎక్కించి రాబిగ్ పంపారు. ఆరువందల మంది ఉన్న మా క్యాంపులో నేపాలీలు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు, మలయాళీలు ఉన్నారు. తెలుగువాళ్లం మాత్రం ఇద్దరమే. అందులో నేను స్టాఫు. నా గది వేరు, మెస్సు వేరు, బస్సు వేరు, గేటు కూడా వేరు.

మా కంపెనీలో ఒక మంచి నియమం ఉండేది. ఎవరికి ఏ భాష వస్తే ఆ భాషలోనే పాఠం చెప్పాలి. హాజరు కాగితంలో పేరు పక్కన భాష అని ఒక గడి. నేను అందరికీ హిందీలో చెప్పి, అందరికీ హిందీ అని రాసేవాణ్ణి. ఆ రోజు పెన్ను పట్టుకుని అడిగాను.

"నేను చెప్పిందంతా అర్థమైందా పీరయ్యా?"

అతను ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణాన్ని నేను పట్టించుకోలేదు. తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకున్నాను.

"లేదు సారూ. హిందీ నాకు ఒక్క ముక్క సుత రాదు."

అలా మర్నాటి నుంచి నా క్లాసు రెండు భాషల్లో నడిచింది. హిందీలో చెప్పింది రెండు నిమిషాలైతే, తెలుగులో చెప్పేది పది నిమిషాలు. హిందీలో, బెల్టుకున్న కాలి పట్టీలు బిగించాలి అనేవాణ్ణి. అదే తెలుగులో, "కాలి పట్టీ గోచీలాగా బిగియాలి పీరయ్యా, వదులుగా వదిలేశావంటే పడ్డప్పుడు అది ఎక్కడ పట్టుకుంటుందో తెలుసా, ఆ తర్వాత మీ ఆవిడ నిన్ను గుమ్మం దగ్గరే ఆపి లెక్క అడుగుతుంది" అని సాగదీసేవాణ్ణి. పీరయ్య భుజాలు కదిలేలా నవ్వేవాడు. మిగతా ముప్పై తొమ్మిది మంది, మాకు చెప్పకుండా దాచిన సేఫ్టీ ఏదో ఇందులో ఉందన్నట్టు అనుమానంగా చూసేవాళ్లు. నా సహాయకుడు ఇర్ఫాన్, పెషావర్ వాడు, "సార్, తెలుగు చాలా పెద్ద భాషనుకుంటా" అన్నాడు హిందీలో.

మూడు రోజుల క్లాసు చివర పరీక్ష. మా క్లాసు షెడ్డుకి ఒక పక్క గోడ లేదు, అక్కడే మూడు మీటర్ల ఎత్తు పైపుల చట్రం ఉంటుంది. బెల్టు కట్టుకుని దాన్నెక్కాలి. బెల్టుకి రెండు కొక్కేలు. ఎక్కేటప్పుడు ఒకటి తీస్తే రెండోది పైపుకి తగిలించి ఉండాలి. రెండూ ఒకేసారి గాల్లో ఉండకూడదు. అంతే. పీరయ్య కాలి పట్టీలు వేలాడేసుకుని ఎక్కాడు. తప్పాడు.

తప్పినవాడు పది రోజులు నేల మీద పైపులు మోసి, మళ్లీ క్లాసులో కూర్చోవాలి. యాభై డిగ్రీల ఎండలో చేతొడుగుల్లోంచి కూడా పైపు కాలుతుంది. పది రోజుల తర్వాత పీరయ్య నల్లబడి, పెదాలు పగిలి వచ్చాడు. వచ్చి ముందు బల్ల మీద కూర్చున్నాడు. నేను పాఠమంతా మళ్లీ చెప్పాను, కొత్త జోకులతో. అతను మళ్లీ నవ్వాడు. మళ్లీ ఎక్కాడు. రెండు కొక్కేలూ భుజాన వేసుకుని, పెళ్లికొడుకు కండువాలాగా, దర్జాగా. మళ్లీ తప్పాడు.

మూడోసారి తప్పితే ఏమవుతుందో నా దగ్గరున్న పుస్తకంలో ఇంగ్లీషులో రాసి ఉంది: ఎత్తు పనికి పనికిరాడు, వీసా పరంజా పనికే ఇచ్చారు కాబట్టి ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపాలి. ఆ పేజీ ఒక్కటే నేను ఎవరికీ ఏ భాషలోనూ చెప్పలేదు. భయపెడితే చేతులు వణుకుతాయని నా సిద్ధాంతం. ఈసారి గట్టిగా నేర్పి గట్టెక్కించేద్దాం అనుకున్నాను. ఇంకో మాట కూడా ఉంది, చెప్పుకోవడానికి బాగోదు. పీరయ్య తప్పిన రోజు సాయంత్రం నా మనసు తేలిగ్గా ఉండేది. పది రోజుల్లో చెప్పడానికి మాటలు పోగు చేసుకునేవాణ్ణి.

కానీ క్లాసు బయట నేనతనితో ఒక్కసారీ మాట్లాడలేదు. స్టాఫు బస్సులో వెళ్తుంటే, కూలీల గదుల ముందు మెట్టు మీద ఒక్కడే కూర్చుని, యాన్బూ వైపు పోయే ట్యాంకర్లను చూస్తూ కనిపించేవాడు. చెయ్యెత్తుదామా అనుకునేలోపు బస్సు మలుపు తిరిగేది. రోజూ ఆ మలుపు మీదే నెపం పెట్టేవాణ్ణి.

మూడో క్లాసు చివరి రోజు వచ్చింది. ఈసారి మాటలతో కాదు, కళ్లకు కట్టినట్టు చూపించాలనుకున్నాను. పట్టీలు వదులుగా ఉంటే ఎలా ఉంటుందో నేనే వేలాడి చూపిస్తానని ప్రకటించాను. బల్ల ఎక్కి, చట్రం పై పైపుకి కొక్కెం తగిలించి, పట్టీలు వదులుగా వదిలి, మోకాళ్లు మడిచాను. బల్ల పక్కకి ఒరిగి పడిపోయింది.

నలభై అయిదేళ్ల వయసు, మెస్సు బిర్యానీతో పెంచిన పొట్ట. బెల్టు చంకల్లోకి లేచింది, పట్టీలు పోకూడని చోటికి పోయాయి. కొక్కెం నా వీపు వెనక, తల పైన, చేతికందని చోట ఉంది. కాళ్లు నేలకి మీటరు ఎత్తులో.

"ఉతారో! ఉతారో భాయ్!" అన్నాను, దింపండని.

నలభై మందీ చప్పట్లు కొట్టారు. వాళ్ల తప్పేం లేదు. క్లాసులో నేను వేసే వేషాలు వాళ్లకి అలవాటే. ఇర్ఫాన్ అయితే కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వుతూ, "వాహ్ సార్, బిల్కుల్ అసలీ లగ్తా హై" అన్నాడు. అచ్చం నిజంలాగే ఉందట. ఇంకోసారి అరిచాను, ఇంకా నవ్వారు. కాళ్లు తిమ్మిరెక్కాయి. చెవుల్లో హోరు మొదలైంది. అప్పుడు హిందీ, ఇంగ్లీషు అన్నీ పోయి, "ఓరి నాయనో, చచ్చిపోతున్నాన్రా" అన్నాను.

ముందు బల్ల మీంచి పీరయ్య లేచాడు. గోడకున్న బెల్టు అందుకుని కట్టుకున్నాడు. అంత తొందరలోనూ రెండు కాలి పట్టీలూ పటపటా బిగించాడు.

"ఇర్ఫాన్ భాయ్, హసో మత్! టేబుల్ లావో, పైర్ కే నీచే లగావో. సచ్ మే ఫస్ గయే సార్. చలో, దో ఆద్మీ పకడో, జల్దీ!"

నవ్వొద్దు, సారు నిజంగానే ఇరుక్కున్నాడు, బల్ల తెండని గడగడా వచ్చిన ఆ హిందీ విని, వేలాడుతున్నవాణ్ణి వేలాడుతూనే ఆశ్చర్యపోయాను. బల్ల నా కాళ్ల కిందికొచ్చింది. ఇద్దరు నా తొడలు పట్టి ఎత్తారు. పీరయ్య చట్రమెక్కాడు. ఒక కొక్కెం, తర్వాత రెండోది, మళ్లీ మొదటిది. టక్, టక్, టక్. ఒక్క అడుగులోనూ రెండూ గాల్లో లేవు. పైకొచ్చి, నా బరువు పోయిందో లేదో తాడు పట్టి చూసి, అప్పుడు కొక్కెం తీశాడు. నేను ఎనిమిది నెలలుగా చెప్తున్న పాఠాన్ని అంత బాగా చేసినవాణ్ణి నేనప్పటిదాకా చూడలేదు. నాతో సహా.

మధ్యాహ్నం పరీక్ష. అందరి తర్వాత పీరయ్యని పిలిచాను. బెల్టు కట్టుకుని వచ్చాడు. కాలి పట్టీలు రెండూ వేలాడుతున్నాయి.

ఇర్ఫాన్‌ని టీ తెమ్మని పంపేశాను.

"హిందీ ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"బొంబైల సారూ. పదిహేనేండ్లు ఆడ బొంగులతోని గోవ, గదే మీ పరంజా, కట్టిన. పన్నెండో మాలె దాకా. ఉత్త కాళ్లతోని."

"మరి నా దగ్గర ఈ మూడు మీటర్లు ఎక్కలేకపోయావా?"

అతను వేలాడే పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"పాసైతె మల్ల మీ కిలాసుకు రానియ్యరు గద సారూ."

నేను బల్ల మీద కూర్చున్నాను. అతను చెప్పుకుపోయాడు.

"ఫోన్ల నా పెండ్లాం బాలామణి తోని ఏం మాట్లాడుత? తిన్నవా, తిన్న. మంచిగున్నవా, ఉన్న. గంతే. మొన్న ఐతారం గాదు, శుక్రారం, కంపెనీ బస్సుల జెడ్డాల షరఫియా బజారుకు పోయిన. ఇద్దరు తెలుగోళ్లు మాట్లాడుకుంట పోతున్నరు. ఆళ్ల ఎనుక ఎనుక పోయిన. ఏం లేదు, గట్ల ఇనుకుంట. రెండు గల్లీలు పోయినంక తిరిగి సూసి, దొంగోన్ని అనుకోని జేబులు పట్టుకున్నరు. నాకు నోరు రాలే. అచ్చి బస్సుల కూసున్న." పట్టీని ఇంకో చుట్టు చుట్టాడు. "పదిహేనేండ్లల్ల నాకు ఎవ్వలు జెప్పలే సారూ, పడ్తవ్, పైలం అని. మీరు గంటసేపు జెప్తరు."

ఇన్నాళ్లూ నా బోధన గొప్పదనుకున్నాను. అతనికి బోధన అక్కర్లేదు.

"పీరయ్యా, నీకొకటి చెప్పలేదు. మూడోసారి తప్పితే ఎగ్జిట్ కొట్టేస్తారు. ఇంటికి పంపేస్తారు."

అతని చెయ్యి పట్టీ మీద ఆగిపోయింది. "ఎగ్జిటా?"

"పుస్తకంలో ఉంది. చెప్పాల్సింది నేను. చెప్పలేదు."

"పాసైతె?"

"కార్డిచ్చి జెట్టీ క్యాంపుకి పంపుతారు. పరంజా వాళ్లంతా అక్కడే. నలభై కిలోమీటర్లు."

"ఆడ తెలుగోళ్లున్నరా?"

"లేరు."

సముద్రం వైపు నుంచి ఉప్పు గాలి వచ్చి చట్రం పైపుల్లో ఊదుతోంది.

"ఇంకో పది దినాలు జరుపరాదా సారూ? పానం మంచిగ లేదని రాయుండ్రి."

రాయవచ్చు. కాగితంలో దానికో గడి ఉంది. పెన్ను ఆ గడి దగ్గరకి పోయింది కూడా. పది రోజులు, మళ్లీ ఒక క్లాసు, ముందు బల్ల మీద నవ్వే భుజాలు. నిజం చెప్తున్నాను, అతని కోసం కాదు, నా కోసమే పోయింది. అప్పుడతని చేతులు చూశాను. పైపులు మోసి మోసి వేళ్లు ముడుచుకుని, పూర్తిగా చాచడానికి రావడం లేదు. పన్నెండో అంతస్తు మీద నిలబడ్డ మనిషి నా మాటలు వినడానికి ఇరవై రోజులుగా నేల మీద బరువు మోశాడు.

"పట్టీలు బిగించుకో పీరయ్యా."

"సారూ..."

"గోచీలాగా. బిగించు."

బిగించాడు. ఎక్కాడు, దిగాడు. నాలుగు నిమిషాలు పట్టలేదు. నేను సంతకం పెట్టాను. భాష అన్న గడిలో తెలుగు అని రాశాను. అది మార్చలేదు.

గురువారం సాయంత్రం నా గదికి టీకి రమ్మన్నాను. అయిదింటికే పాలు కాచి, రెండు గ్లాసులు కడిగి పెట్టుకుని కూర్చున్నాను. ఏడయింది. పాలు మీగడ కట్టాయి. మర్చిపోయాడనుకున్నాను. కొంచెం కోపం కూడా వచ్చింది.

శనివారం పొద్దున జెట్టీ బస్సు దగ్గర కనిపించాడు. రేకు పెట్టె ఒకటి, దుప్పటి చుట్ట ఒకటి.

"ఏంటయ్యా, రాలేదు?"

"అచ్చిన సారూ. స్టాఫు గేటు కాడ ఆపిన్రు. కార్డు సూపిచ్చిన. లేబర్ కార్డు నడ్వది, ఖల్లీ వల్లీ, ఇడిసిపెట్టి పో అన్నరు. జరసేపు ఆడనే నిలవడ్డ, మీరేమన్న బయటికి అస్తరేమో అని."

నేను గదిలో కూర్చున్న చోటికి ఆ గేటు యాభై అడుగులుండదు. అతిథి వస్తున్నాడని గార్డుకి చెప్పి ఉంచాలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. మూడు మీటర్ల ఎత్తుకి అన్ని జాగ్రత్తలు చెప్పేవాణ్ణి.

"తప్పు నాదే పీరయ్యా" అన్నాను.

"ఏం గాదు తియ్యిండ్రి" అని అతను వెంటనే వేరే కథ మొదలుపెట్టాడు. వాళ్ల బర్రె ఈనిందట, దూడకి నుదుటి మీద తెల్లమచ్చ ఉందట, బాలామణి దానికి పేరు పెట్టకుండా ఇతన్ని అడిగిందట, ఫోన్లో తోచలేదట. నన్ను ఒక పేరు చెప్పమన్నాడు. నేను ఆలోచిస్తుండగానే డ్రైవరు హారన్ కొట్టాడు. పీరయ్య ఎక్కి కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉన్నాడు. ఏసీ బస్సు కదా, అద్దాలు తెరుచుకోవు. పెదాలు కదులుతున్నాయి, చెయ్యి తిప్పుతున్నాడు, మధ్యలో నవ్వాడు కూడా. ఒక్క మాట వినపడలేదు.

బస్సు కదిలింది. నేను పక్కనే నడుస్తూ, అన్నీ వింటున్నట్టు తలూపుతూ, గేటు దాకా వెళ్లాను.