గోడౌన్‌లో అమావాస్య పని

రిటైరవడానికి ఐదేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు, చెన్నై వ్యాసర్పాడిలోని మా కంపెనీ టైర్ల గోడౌన్‌లో డిపో మేనేజరుగా చేరాను. అంతకుముందు విజయవాడలో అసిస్టెంట్ మేనేజరుని. ప్రమోషన్ ఉత్తర్వులోనే చేయవలసిన పని కూడా రాసి ఇచ్చారు. కారు టైర్ల సరుకు పెరుగుతోంది, రెండో గోడౌన్ తీసుకునే ఉద్దేశం లేదు, ఉన్న చోటులోనే అంతా సర్దాలి. గడువు ఆరు నెలలు. సర్ది చూపిస్తే ఏరియా ఆఫీసులో కుర్చీ ఖాయమని మా ఏరియా మేనేజరు ఫోన్లో ఊరించారు.

కోడంబాక్కంలో ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. పొద్దున్నే లోకల్ ఎక్కి పార్క్ స్టేషన్లో దిగి, రోడ్డు దాటి ఇంకో లోకల్ పట్టుకుని వ్యాసర్పాడి చేరేవాణ్ణి. గోడౌన్ షట్టరు ఎత్తగానే కొత్త రబ్బరు వాసన గుప్పుమనేది. మొదటి వారమంతా తలనొప్పి. ఇప్పుడేమో ఏ టైర్ల షాపు ముందు నుంచి వెళ్లినా ఓ నిమిషం నిలబడాలనిపిస్తుంది. మల్లెపూల దగ్గర ఆగే మగవాళ్లను చూశాను గానీ టైర్ల దగ్గర ఆగే మనిషిని మిమ్మల్నే చూశానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది.

టైర్లు దాచడంలో ఏముంది, చెడిపోయే సరుకా అనుకుంటారు చాలామంది. లారీ టైర్లను ఇనుప ర్యాకుల్లో నిలబెడతాం. కారు టైర్లను పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి దొంతిగా పేరుస్తాం. ప్రతి టైరు పక్క గోడ మీద నాలుగంకెలు అచ్చు వేసి ఉంటాయి. మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం. పాతది ముందు బయటికి పోవాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. దొంతిలో కొత్త సరుకు పైకి చేరుతూ, పాతది అడుగున ఉండిపోతుంది కాబట్టి ఆ పాఠం చెప్పినంత సులువు కాదు.

గోడౌన్లో పన్నెండు మంది హమాలీలు, వాళ్ల మేస్త్రీ మునిరత్నం. అరవై దాటిన మనిషి. తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చి మద్రాసులో స్థిరపడ్డ కుటుంబం. టైరును చేత్తో ఒక్క తోపు తోస్తే అది వంకర పోకుండా దొర్లి, తను అనుకున్న దొంతి ముందే ఆగేది. ఎంత అలవాటుండాలి దానికి! నా కృష్ణా జిల్లా తెలుగు ఆయనకు వేళాకోళంగా ఉండేది. "మీరు మాట్లాడితే సినిమాలో హీరో నాయన మాట్లాడినట్టు ఉంటాది సార్," అని పదకొండు గంటల టీ దగ్గర అందరినీ నవ్వించేవాడు. ఆ టీ, ఆ నవ్వులు తలుచుకుంటే ఈనాటికీ ప్రాణం లేచొస్తుంది.

చేరిన నెలలోనే అమావాస్య వచ్చింది. మద్రాసు వ్యాపారస్తుల ఆచారం ప్రకారం షట్టరు ముందు కర్పూరం వెలిగించి గుమ్మడికాయ కొట్టారు. దానికి నాకేం అభ్యంతరం? అయితే ఆ రోజు ఒక్క లారీకి కూడా లోడు ఎత్తలేదు. సాయంత్రం దాకా కారు టైర్ల దొంతులన్నీ దించి, మళ్లీ అక్కడే తలకిందులుగా పేర్చారు. పైది అడుక్కి, అడుగుది పైకి. ఇదేం పనయ్యా అన్నాను.

"అమావాస పని సార్. మా నాయన ఈడ మేస్త్రీగా ఉన్నప్పటి నుంచీ చేస్తా ఉండాం," అన్నాడు మునిరత్నం.

వెర్రి వెయ్యి విధాలు అనుకున్నాను. నాకు అప్పట్లో కాస్త తల పొగరు ఎక్కువ. మర్నాడే ఇంగ్లీషులో, తమిళంలో నోటీసు టైపు చేయించి, సంతకం పెట్టి, షట్టరు పక్క గోడకు అంటించాను. ఇకపై దొంతికి ఏడు కాదు, పదకొండు టైర్లు. మధ్య దారి సగానికి తగ్గించాలి. అమావాస్య నాడు పూజ చేసుకోవచ్చు గానీ దొంతులు కదపరాదు, లోడింగ్ ఆగరాదు. మునిరత్నం కళ్లజోడు తెచ్చుకుని మొత్తం చదివాడు. "సెరి సార్," అని వెళ్లిపోయాడు.

దసరా నాటికి సరుకంతా సర్దేశాను. ఏరియా మేనేజరు స్వయంగా వచ్చి, ఫొటోలు తీసి మిగతా డిపోలన్నిటికీ పంపారు. ఆ వారం నా కాళ్లు నేల మీద ఆనితే ఒట్టు.

కార్తీకంలో వాషర్‌మెన్‌పేట్ నుంచి మా డీలరు పాపయ్య శెట్టి ఫోన్ చేశాడు. ఆ పేటలో పాతకాలపు తెలుగు వర్తకుల కుటుంబం ఆయనది. కొత్త టైర్లు రిమ్ముకు ఎక్కడం లేదట. వెళ్లి చూశాను. ట్యూబు లేని టైరుకు రెండు లోపలి అంచుల్లోనూ ఇనుప తీగల కట్టు ఉంటుంది, దాన్ని బీడు అంటాం. ఆ రెండు బీడులూ రిమ్ముకు బిగుసుకుంటేనే గాలి నిలుస్తుంది. శెట్టి ఫిట్టరు గాలి పెడుతుంటే అది రెండు పక్కల నుంచీ బుస్సుమని పోతోంది. బీడులు రెండూ దగ్గరికి నొక్కుకుపోయి ఉన్నాయి.

"మూడు తరాలుగా ఇదే యాపారం సార్. కొత్త టైరు ఇట్ల నోరు మూసుకోని వచ్చేది ఇప్పుడే చూస్తా ఉండా," అన్నాడు శెట్టి.

వారం తిరిగేలోగా మరో ముగ్గురు డీలర్లు సరుకు తిప్పి పంపారు. ఏరియా మేనేజరు ఫోన్లోనే తీర్పు చెప్పేశారు. లారీ మీది నుంచి హమాలీలు టైర్లను విసిరేస్తున్నారు, అందుకే నొక్కుకుపోయాయి, ఈ ముఠాను తీసేసి వేరే ముఠాను పెట్టుకుందాం, మీరు శుక్రవారం లోగా రాసి పంపండి అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ ఆ మాట నమ్మాను. నమ్మితే నాకు హాయిగా ఉంది కాబట్టి నమ్మాను. హమాలీల అజాగ్రత్తే కారణమని రాసి, సంతకం పెట్టి, సొరుగులో ఉంచాను. మునిరత్నాన్ని పిలిచి సంగతి చెప్పాను.

"మేము ఇసిరేసినామా సార్? దినమూ మీరు ఆడ నిలబడి చూస్తానే ఉంటిరి కదా," అన్నాడు. మళ్లీ తనే, "ఈ వయసులో మమ్మల్ని ఎవురు పెట్టుకుంటారు? యాడ పోయినా ఫోర్క్‌లిఫ్ట్ బండి నడపేది తెలుసునా అనే అడగతారు," అన్నాడు.

గురువారం ఫ్యాక్టరీ నుంచి క్వాలిటీ ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. టీ కూడా తాగకుండా నేరుగా దొంతుల దగ్గరికి వెళ్లి, ఒకటి దింపించింది. పైన ఉన్న టైర్లు భేషుగ్గా ఉన్నాయి. అడుగున ఉన్న నాలుగింటి బీడులు నొక్కుకుపోయాయి. ఇంకో దొంతి దింపించింది, అదే వరస. వీటిని ఆఖరుసారి ఎప్పుడు తిరగేశారని తమిళంలో అడిగింది. మునిరత్నం నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

ఆమె నా బీరువాలోంచి కంపెనీ వాళ్ల నిల్వ నియమాల పుస్తకం తీయించింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా నేను చింపలేదు. పడుకోబెట్టిన దొంతులను నెలకోసారి తలకిందులు చేయాలి, బరువు అడుగు టైర్ల మీదే ఉండిపోకూడదు, ఎత్తు మితి మీరకూడదు అని అందులో స్పష్టంగా ఉంది. నెలకోసారి! అమావాస్య వచ్చేదీ నెలకోసారే. దొంతి తిరగబడితే పాత సరుకు కూడా దానంతటదే పైకొస్తుంది, ముందుగా బయటికి పోతుంది. మేము పుస్తకం చూసి చేయవలసిన పనిని వాళ్లు పంచాంగం చూసి చేస్తున్నారు.

ఆమె సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. తన రిపోర్టులో దొంతి బరువు వల్ల నష్టం అని మాత్రమే రాస్తుంది. తిరగేయడం ఆపించింది ఎవరో ఆమెకు తెలియదు, షట్టరు పక్క నోటీసు ఆమె చూడలేదు, మునిరత్నం చెప్పలేదు. హమాలీలే బద్ధకించారని ఒక్క వాక్యం చేరిస్తే నా సొరుగులోని ఉత్తరం అలాగే చెల్లుతుంది. ఆ వాక్యం ఎలా రాయాలో కూడా ఆలోచించాను. అబద్ధమెందుకు, అరగంట సేపు ఆలోచించాను.

తర్వాత మేడ మీది నా గదిలోంచి కిందికి వెళ్లి, గోడ మీది నోటీసు చిరగకుండా ఊడదీశాను. పాత ఉత్తరం చించేసి కొత్తది రాశాను. తేదీతో సహా నా మూడు ఆదేశాలూ వరసగా పేర్కొని, హమాలీల తప్పేమీ లేదని రాసి, ఆ నోటీసునే దానికి జతచేశాను. శుక్రవారం కొరియర్లో పంపాను.

ముఠా మిగిలింది. నాకు మెమో వచ్చింది. ఏరియా ఆఫీసు కుర్చీ ఇంకొకరికి పోయింది. మాధవరంలో రెండో గోడౌన్ తీసుకోక తప్పలేదు. రిటైరయ్యే దాకా నేను వ్యాసర్పాడిలోనే డిపో మేనేజరుగా ఉన్నాను. తిరిగి చూసుకుంటే నా ఉద్యోగంలో మంచి ఏళ్లు అవే.

ఆ వచ్చే అమావాస్య నాడు కర్పూరం హారతి అయ్యాక దొంతులు దించుతుంటే మునిరత్నం దగ్గరికి వెళ్లాను. క్షమించమన్నాను. ఇంత తెలిసినవాడివి నాకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు మేస్త్రీ అని అడిగాను.

"మీరు నోటితో చెప్పుంటే నేనూ చెప్పేవాణ్ణి సార్," అన్నాడు మునిరత్నం, టైరు దొర్లిస్తూనే. "మీరు గోడకి కాయితం అంటిస్తిరి. కాయితానికి ఎట్ల బదులు చెప్పేది?"

వ్రాతపూర్వకమైన ఆదేశం స్పష్టంగా ఉంటుందని, వివాదానికి తావివ్వదని మాకు ట్రైనింగులో నేర్పారు. అది నిజమే. వివాదానికి తావివ్వకపోవడమే దానిలోని లోపమని నేను వ్యాసర్పాడిలో నేర్చుకున్నాను. ఆ తర్వాత నా సర్వీసులో ఏ పద్ధతి మార్చవలసి వచ్చినా, ముందు కిందికి దిగి, ఆ పని చేసే మనిషికి చెప్పి, అతను బదులు చెప్పేదాకా అక్కడే నిలబడ్డాను.