డుగ్నాడ్‌కు పేరు లేని గుడ్నీ

నార్వే పడమటి తీరంలో, సముద్రపు పాయ ఒడ్డునున్న ఆ ఊళ్ళో గుడ్నీని మించిన అనుమానపు మనిషి లేదు. ఎవరైనా నవ్వితే చాలు, తన గౌను వెనక చిరిగిందేమోనని తడుముకునేది. అలాంటి మనిషి ఆ వసంతంలో దుకాణం గోడ మీద డుగ్నాడ్ జాబితా చదివింది. శనివారం, పొద్దున తొమ్మిదింటికి, నిచ్చెనలు తెచ్చుకోవాలి. ఎవరింటి దగ్గరో రాయలేదు. కింద పద్దెనిమిది పేర్లు. తన పేరు లేదు.

డుగ్నాడ్ అంటే కూలీనాలీ లేకుండా ఊరంతా కలిసి చేసే పని. యాభై రెండేళ్ళుగా గుడ్నీ ఒక్కటీ తప్పలేదు. బడిపంతులైన ఆమె తండ్రి చెప్పేవాడు, పాతకాలపు భాషలో డుగ అంటే అక్కరకు రావడమని, ఈ మాట అందులోంచే పుట్టిందని. ఆ లెక్కన తను ఎవరి అక్కరకూ రానిదైపోయిందన్నమాట. డెబ్బై తొమ్మిదేళ్ళొస్తే ఇంతేనా? ఆమెకు కడుపు మండిపోయింది.

జాబితా రాసింది ఎదురింటి స్వైనుంగ్. కంచె దగ్గర పట్టుకుని నిలదీసింది.

"నా పేరేదిరా?"

"ఈసారికి ఇంట్లో ఉండత్తా."

"మంచు మీద జారిపడ్డానని నీకెవరు మోశారు? నీ పెళ్ళామేనా?"

"ఎవరూ మొయ్యలేదు. శనివారం ఎక్కడికీ పోకు, చాలు."

పోవద్దన్నాడంటే ఏదో ఉంది. స్వైనుంగ్ భార్య మాగ్నీ తన ఇంటి కప్పుకేసి చూడడం గుడ్నీ కిటికీలోంచి రెండుసార్లు గమనించింది. ఇల్లమ్మించి తనను వృద్ధాశ్రమానికి తోలేస్తారు కాబోలు. ఆ వారమంతా తలుపు గడియ తీయలేదు.

శనివారం పద్దెనిమిది మందీ నిచ్చెనలతో ఆమె వాకిట్లోనే దిగారు, కప్పు మీద పగిలిన పలకలు మార్చడానికి. ముందే చెబితే వద్దంటుందని దాచారట. ఎవరింటి పనైతే వాళ్ళ పేరు జాబితాలో రాయరు. అది గుడ్నీకి తెలియనిదా? అనుమానం ఆ తెలివిని కాస్తా మింగేసింది.

సిగ్గుపడబోయిన గుడ్నీకి మాగ్నీ చేతిలో పెద్ద గిన్నె కనబడింది.

"ఏమిటది?"

"జావ అత్తా. ఇంతమందికి వండడం నీకు కష్టమని..."

పనికొచ్చినవాళ్ళకు పుల్లమీగడ జావ పెట్టాల్సింది ఆ ఇంటామె. అదీ లాగేసుకుంటే తనకింకేం మిగులుతుంది? గుడ్నీకి ఏడుపొచ్చింది. గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆ గిన్నె మీ ఇంట్లో పెట్టుకో. నా కప్పెక్కినవాళ్ళు నా చేతి జావే తింటారు."

ఇంట్లో చెంచాడు మీగడ లేదు. కర్ర పట్టుకుని దుకాణానికి తనే బయల్దేరింది. పన్నెండింటికల్లా కప్పు పని అయిపోయింది. జావ మూడింటికి గాని ఉడకలేదు. ఒక్కరూ ఇంటికి పోలేదు. పద్దెనిమిది మందీ ఆకలితో ఆమె మెట్ల మీద కూర్చుని ఎదురుచూశారు.