మైనపు గుండు

జగ్గమ్మకి సినిమా అంటే మొదట్నుంచీ గిట్టదు. చీకట్లో కూర్చుని ఎవరి కష్టానికో మనం ముక్కు చీదుకోవడమేమిటని ఆవిడ వాదన. మొగుడు నూకయ్యా, తమ్ముడు సోములూ వింటేగా! శృంగవరపుకోటలో డేరా సినిమా పడిందంటే చాలు, బావా బావమరుదులిద్దరూ చేతిలో పని సగంలో వదిలేసి కండువాలు దులుపుకునేవారు. తిరిగొచ్చాక చూసిన కథంతా ఆవిడకి అప్పజెప్పేవారు. ఆవిడ చోడిపిండి జల్లించుకుంటూ, విననట్టే ఉండి అంతా వినేది.

సోముల్ని పెంచింది జగ్గమ్మే. వాడు పుట్టగానే తల్లి పోతే, తనే ఇంకా చిన్నపిల్లయి ఉండి వాణ్ణి చంకనేసుకుని మోసింది. పెళ్లయి అత్తారింటికి వస్తూ వాణ్ణీ వెంటబెట్టుకుని వచ్చింది. నూకయ్య కిమ్మనలేదు సరికదా, కొండవార చేనుకి కాపలా వెళ్లినప్పుడల్లా వాణ్ణి భుజానెక్కించుకుని తీసుకెళ్లాడు. అడవిపందుల్ని తోలడానికి నూకయ్యకి లైసెన్సున్న నాటు తుపాకి ఉండేది. గొట్టంలో మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, పైన సీసపు రవ్వలు వేసి దట్టించే పాత రకం.

ఏటా పోలమ్మ పండగకి వాళ్ల ఊళ్లో పులివేషం కడతారు. వీధులన్నీ గంతులేసిన పులిని ఆఖర్న తుపాకితో కొట్టాలి. కొట్టేవాడు వేషం కట్టినవాడికి వరసకి బావే అయి ఉండాలి. పరాయివాడు తుపాకి పట్టుకుంటే ఊరు ఒప్పుకోదు. రవ్వలుండవు, గొట్టం ఆకాశం వైపు ఎత్తి ఉత్త మందే పేలుస్తారు. ఆ చప్పుడు కొండకి తగిలి మోగాలి కదా, అందుకని పందికి పోసేదానికి రెండింతలు మందు పోస్తారు. పులి కింద పడుతుంది, ఆడాళ్లు నవ్వుతారు, అంతటితో సరి. కొన్నేళ్లుగా పులి సోములు, కొట్టేది నూకయ్య.

అరవై ఎనిమిదిలో, పండగ ముందర, వాళ్లిద్దరూ చూసొచ్చిన సినిమాలో హీరో తుపాకిలో మైనపు గుండు పెట్టి సొంత స్నేహితుణ్ణే కాల్చాడట. గుండు గుండెల మీద పగిలి, అందులోంచి ఎర్రనీళ్లు బొళబొళా కారాయట. విలన్ నమ్మి వెళ్లిపోయాక చచ్చినవాడు లేచి, చొక్కా దులుపుకుని పాట పాడాడట. సినిమా తీసినవాడికేం, వాడి తుపాకి తెర మీద పేలింది!

"ఈపాలి మనమూ అలగే సేద్దాం బావా," అన్నాడు సోములు. "పులికి రగతం కారితే ఊరు ఊరంతా అదిరిపోతాది."

"మైనమేటి సేస్తాదిలే," అన్నాడు నూకయ్య.

కొండమనుషులు సంతకి తెచ్చిన తేనెమైనం కొన్నారు. పొయ్యి మీద దాన్ని కరిగించిపెట్టింది జగ్గమ్మే. కుంకం నీళ్లు కలిపిచ్చిందీ ఆవిడే. నూకయ్య చిటికెడు మందు పోసి పశువుల పాక గోడకేసి కొట్టి చూశాడు. మైనం చిట్లి గోడంతా ఎర్రబడింది, మట్టి కూడా రాలలేదు. ముగ్గురూ పగలబడి నవ్వారు.

తీరా పండగనాడు నూకయ్య పోసింది పండగ మందు. పండగంటే చప్పుడు, చప్పుడంటే రెండింతలు, ఏటా చేసే పనే గనక చెయ్యి దానంతటదే పోసేసింది. అయిదారడుగుల దూరంనుంచి, ఈసారి గొట్టం ఎత్తకుండా, సోముల రొమ్ముకే గురిపెట్టి కొట్టాడు. పులి పడింది. ఎర్రగా కారింది. జనం ఈలలేశారు, డప్పులు ఇంకా జోరందుకున్నాయి. నూకయ్య తుపాకి పైకెత్తి మీసం దువ్వుకున్నాడు. జగ్గమ్మ మాత్రం తమ్ముడి కాళ్లు చూసింది. ఆ కాళ్లు కొట్టుకుంటున్న తీరు వేషం కాదని ఆవిడకి ఒక్క చూపులో తెలిసిపోయింది.

సాలూరువాళ్ల లారీ ఒకటి అటుగా పోతుంటే ఆపి, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో సోములు కళ్లు తెరిచి బావనీ అక్కనీ చూశాడు.

"పంది పొడిసిందని సెప్పు బావా. తుపాకంటే నిన్ను లోపలేసేస్తారు. అప్పా, నువ్వూ అలగే సెప్పు. మైనమే కదా, నాకేటవుతాది."

అలాగే చెప్పారు. వేషంతో వాగు పక్కకి వెళితే పంది కుమ్మిందన్నారు. ఒంటినిండా పసుపురంగు, నల్లచారలు. మందుకి కమిలిన చర్మం ఆ రంగు కింద కనబడలేదు. డాక్టరు గాయం కడిగి కట్టు కట్టాడు. కోర పోటయితే లోపల ఏమీ మిగలదు, మానిపోతుందన్నాడు. లోపల మైనముందని జగ్గమ్మకి తెలుసు. మొగుడి వంక చూసింది. అతను తల వంచుకుని కండువా అంచు నలుపుతున్నాడు. ఆవిడ నోరు మూసుకుంది.

మర్నాటికి జ్వరమొచ్చింది. ఆ పైరోజుకి సోములు మనుషుల్ని పోల్చలేకపోయాడు. గాయం వాసన వేసింది. డాక్టరు ఇద్దర్నీ నిలబెట్టి అడిగాడు.

"లోపలేదో ఉండిపోయింది. నిజంగా పందేనా?"

నూకయ్య జగ్గమ్మ వంక చూశాడు. ఒక పక్క మొగుడు, ఒక పక్క కడుపున పుట్టకపోయినా కొడుకులాంటి తమ్ముడు. ఏ ఆడదానికీ రాకూడని గడియ అది.

"పంది కాదు బాబూ," అంది జగ్గమ్మ. "ఈయన తుపాకితో కొట్టినాడు. లోపల మైనమున్నాది, గుడ్డపేలికున్నాది. మైనం నానే కాసినాను."

కోసి తీశారు. మైనం ముద్ద, మసిబట్టిన పేలిక బయటపడ్డాయి. అయినా సోములు నిలవలేదు. డాక్టరు చేతులు తుడుచుకుంటూ జగ్గమ్మని పక్కకి పిలిచాడు. "వచ్చిన రోజే చెప్పి ఉంటే బతికేవాడమ్మా," అన్నాడు. పోలీసులు వచ్చి నూకయ్యనీ తుపాకినీ తీసుకుపోయారు.

ఊళ్లో నోళ్లు ఊరుకుంటాయా? తమ్ముడెలాగూ పోయాడు, చేజేతులా మొగుణ్ణి కూడా జైల్లో పెట్టించింది మహాతల్లి అన్నారు. ఆ డప్పులకి ఈలలేసిన నోళ్లే అవి! జగ్గమ్మ చేను ఒక్కతే ఊడ్చుకుంది. పందుల్ని డబ్బా వాయించి తోలుకుంది.

శిక్ష పడ్డాక విశాఖపట్నం జైలుకి చూడబోయింది. నూకయ్య సగమైపోయాడు. ఇద్దరికీ మధ్య ఇనపచువ్వలు. చాలాసేపు చేను సంగతి, ఆవు ఈనిన సంగతి మాట్లాడుకున్నారు. తనని పట్టిచ్చిందని అతను ఒక్కమాటయినా అనలేదు. జవాను వచ్చి టైమయిందన్నాక అడిగాడు.

"జగ్గీ, డాక్టరుబాబు నిన్నొక్కదాన్నే పిలిసి ఏటో సెప్పినాడు. మొదటి రోజే నాను నోరిప్పుంటే సోములు బతికీవోడా?"

అతను చువ్వల్ని రెండు చేతులా పట్టుకున్నాడు. జగ్గమ్మ అతని కళ్లలోకి చూసింది.

"లేదు," అంది. "ఎప్పుడు సెప్పినా అంతేనన్నాడు. తగిలినప్పుడే పోయినాడంట."

నూకయ్య బరువంతా దిగినట్టు ఊపిరి వదిలి, చువ్వలకి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. జగ్గమ్మకీ ఏడుపొచ్చింది. తను ఏడిస్తే అతనికి అనుమానమొస్తుందని ఆపుకుని, చువ్వల సందులోంచి కొంగుతో అతని మొహం తుడిచి, బస్సు వేళవుతోందని లేచింది.